కేబుల్ అల్లికతో వేళ్లు లేని గ్లవ్స్: మొదటి కుట్టు నుంచి బొటనవేలి దాకా

వేళ్ల కొనలు బయటే ఉంటాయి కాబట్టి ఈ గ్లవ్స్ తీయకుండానే ఫోన్ వాడొచ్చు, పెన్ను పట్టుకోవచ్చు, తాళం తీయొచ్చు. మణికట్టూ అరచేయీ మాత్రం వెచ్చగా ఉంటాయి. కేబుల్ అల్లిక, అంటే కుట్లని ఒకదాని మీదుగా ఒకటి దాటించి తాడులా మెలిక వేసే అల్లిక, మొదటిసారి ప్రయత్నించేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఈ గ్లవ్స్ గురించే. స్వెటర్‌లా నెలల తరబడి సాగే పని కాదు. గుండ్రంగా అల్లుతాం కాబట్టి పనితనం కనిపించే వైపే ఎప్పుడూ మన ముందు ఉంటుంది, మెలిక సరిగ్గా పడిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

నిట్ (దారం పని వెనక ఉంచి అల్లే కుట్టు), పర్ల్ (దారం ముందు ఉంచి అల్లే కుట్టు) చేతికి అలవాటైతే చాలు. గుండ్రంగా అల్లడం ఒక్కసారైనా చేసి ఉంటే ఇంకా సులువు. ఈ డిజైన్‌ని మణికట్టు దగ్గర మొదలుపెట్టి వేళ్ల వైపు అల్లుతాం. చేతి వెనక వైపు పక్కపక్కనే రెండు కేబుల్స్ వస్తాయి. ఒకటి కుడికి, ఇంకొకటి ఎడమకి వాలుతుంది. ఇలా ఎదురెదురుగా ఉండడం వల్ల రెండు చేతులకీ ఒకటే డిజైన్ సరిపోతుంది. బొటనవేలి చోటు ఒక్కటే మారుతుంది.

కావలసినవి

ఉన్ని వర్‌స్టెడ్ మందంలో, అంటే మరీ సన్నమూ లావూ కాని మధ్యరకంలో ఉండాలి. 100 గ్రాముల ఉండలో దాదాపు 200 మీటర్లు వచ్చే రకం తీసుకుంటే ఒక్క ఉండతోనే జత పూర్తవుతుంది. రంగు విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను: లేత రంగు, ఒకే రంగు ఎంచుకోండి. కేబుల్ అందమంతా దాని నీడలోనే ఉంది. నల్లటి ఉన్నిలో ఆ నీడ కనిపించదు, రంగులు మారుతూ పోయే ఉన్నిలో కన్ను రంగుల వెంట పోయి మెలికని వదిలేస్తుంది. మూడు నాలుగు పోగులు గట్టిగా పేనిన గుండ్రటి ఉన్ని అయితే మెలిక బాగా పైకి తేలుతుంది. నూగు ఎక్కువగా ఉండే రకాలు అందుకు పనికిరావు. కాటన్‌కి సాగి మళ్లీ ముడుచుకునే గుణం తక్కువ కాబట్టి గ్లవ్స్ కొన్నాళ్లకే వదులైపోతాయి. గొర్రె ఉన్ని అన్నిటికన్నా మేలు. ఉన్ని గుచ్చుకుంటుంది అనుకునేవాళ్లు మెత్తటి అక్రిలిక్ వాడుకోవచ్చు.

సూదులు రెండు సైజుల్లో కావాలి: రిబ్బింగ్‌కి (నిట్, పర్ల్ మార్చి మార్చి అల్లే సాగే అంచుకి) 3.5 మి.మీ., మిగతా భాగానికి 4 మి.మీ. రెండు వైపులా మొన ఉండే పొట్టి సూదులు, అయిదింటి సెట్ అయితే బాగుంటుంది. పొడవాటి తీగ ఉన్న సర్క్యులర్ సూదితో మ్యాజిక్ లూప్ పద్ధతిలో (తీగని కుట్ల మధ్యలోంచి పాయలా బయటికి లాగి) అల్లే అలవాటు ఉంటే అదీ సరే, కుట్ల లెక్క మారదు. వీటితో పాటు ఒక కేబుల్ సూది, మార్కర్లు (కుట్ల మధ్య గుర్తుకి వేసే చిన్న రింగులు) మూడు నాలుగు, బొటనవేలి కుట్లు ఆపి ఉంచడానికి వేరే రంగు దారం కొంచెం, చివర్లు దోపడానికి మొద్దు మొన ఉన్న పెద్ద సూది. కేబుల్ సూది అల్లే సూదికన్నా కాస్త సన్నగా ఉంటే మంచిది, లావైతే కుట్లు సాగిపోతాయి. వంపు ఉన్నది కొనండి. కుట్లు జారి పడిపోవు.

కొలత, గేజ్

బొటనవేలు వదిలేసి, నాలుగు వేళ్ల కణుపుల మీదుగా టేపు చుట్టి చేయి కొలవండి. ఇక్కడ ఇస్తున్న 44 కుట్ల లెక్క 18 నుంచి 20 సెం.మీ. చేతికి సరిపోతుంది. అంతకన్నా సన్నటి చేతికి 40 కుట్లు, పెద్ద చేతికి 48. తేడా అంతా అరచేతి వైపే పడుతుంది. వెనక వైపు కేబుల్ భాగం ఎప్పుడూ 22 కుట్లే.

గేజ్, అంటే ఇంత కొలతకి ఎన్ని కుట్లు, రౌండ్లు రావాలన్న లెక్క: 4 మి.మీ. సూదుల మీద, అన్నీ నిట్ కుట్లతో, 10 సెం.మీ.కి 22 కుట్లు, 30 రౌండ్లు. ఈ లెక్కన 44 కుట్లకి 20 సెం.మీ. రావాలి. కానీ అంత రాదు. కేబుల్ వెడల్పుని మింగేస్తుంది. ఆరు కుట్ల కేబుల్ మెలిక తిరిగాక సుమారు నాలుగు మామూలు కుట్లంత చోటులో ఇమిడిపోతుంది. రెండు కేబుల్స్ కలిసి నాలుగు కుట్ల వెడల్పు తినేస్తాయి కాబట్టి అల్లాక చుట్టుకొలత 18 సెం.మీ. దగ్గర తేలుతుంది. గ్లవ్ చేతికన్నా కాస్త బిగుతుగా ఉంటేనే జారకుండా పట్టుకుంటుంది, అందుకే ఈ తగ్గుదల మనకి కావలసిందే.

నమూనా ముక్క అల్లి చూసుకోండి. ఊరికే నిట్ ముక్క కాకుండా, అందులో ఒక కేబుల్ కూడా పెట్టి అల్లితే మెలిక వేయడం ప్రాక్టీస్ అయిపోతుంది, అసలు గ్లవ్ దగ్గర చేయి తడబడదు. మీకు 10 సెం.మీ.కి 24 కుట్లు వస్తుంటే టెన్షన్ (దారం పట్టు) బిగుతుగా ఉన్నట్టు, 4.5 మి.మీ. సూదికి మారండి. 20 కుట్లే వస్తుంటే 3.75 లేదా 3.5కి దిగండి, రిబ్బింగ్ సూదిని కూడా అదే లెక్కలో తగ్గించండి.

మణికట్టు

3.5 మి.మీ. సూది మీద 44 కుట్లు ఎక్కించండి. లాంగ్ టెయిల్ పద్ధతి (పొడవాటి దారం కొన వదిలి, దానితో కలిపి కుట్లు ఎక్కించడం) బాగుంటుంది, కొద్దిగా సాగుతుంది కూడా. ఎక్కించేటప్పుడు చేయి బిగిస్తే ఆ అంచు మణికట్టు దాటి అరచేతి మీదుగా రాదు. బిగించే అలవాటు ఉంటే ఈ ఒక్క వరుసకీ 4 మి.మీ. సూది వాడి, వెంటనే చిన్న సూదులకి మారిపోండి.

గుండ్రంగా కలపడానికి ముందు, మొదటి వరుసని (2 నిట్, 2 పర్ల్) మామూలుగా బల్లపరుపుగానే అల్లేయండి. అప్పుడు అంచుకి కాస్త వెడల్పు వచ్చి, సూదుల మీద మెలి తిరిగిందో లేదో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తర్వాత కుట్లని నాలుగు సూదుల మీదికి ఇలా పంచండి: మొదటి సూది మీద 12, రెండో దాని మీద 10, మూడు, నాలుగు సూదుల మీద 11 చొప్పున. అంచు మొత్తం లోపలి వైపుకే ఉందని చూసుకుని, పని తిప్పకుండా, మొదటి కుట్టుతో కలిపి రౌండ్ మొదలుపెట్టండి. రౌండ్ మొదట్లో ఒక మార్కర్ తగిలించండి. కింద మిగిలిన చిన్న ఖాళీని ఆఖర్లో దారం కొనతో కుట్టేస్తాం.

12, 10 అని ఎందుకు విడదీశామంటే, ఒక్కో సూది మీద ఒక్కో కేబుల్ పూర్తిగా ఉండాలి. మెలిక వేసే చోట కుట్లు రెండు సూదుల మధ్య చీలితే చేయి తిరగదు. ఇంకో లాభం కూడా ఉంది. కేబుల్ భాగంలో ప్రతి సూదీ నిట్ కుట్టుతోనే మొదలవుతుంది కాబట్టి సూదుల సందుల్లో నిచ్చెనలా పడే వదులు గీత తక్కువగా వస్తుంది. అయినా కనిపిస్తుంటే, సూది మారాక మొదటి కుట్టుని కాకుండా రెండో కుట్టు అల్లేటప్పుడు దారాన్ని కొంచెం లాగి చూడండి.

2 నిట్, 2 పర్ల్ రిబ్బింగ్ మొత్తం 18 రౌండ్లు. చేతి మీద పెట్టి చూసుకుని, పొడవుగా కావాలంటే ఇంకో అయిదారు వేసుకోండి, రెండో గ్లవ్ కోసం ఆ సంఖ్య రాసి పెట్టుకోండి.

కేబుల్ మొదలు

4 మి.మీ. సూదులకి మారండి. ఇక్కడి నుంచి వెనక వైపు 22 కుట్లు ఇలా అల్లాలి:

2 నిట్, 2 పర్ల్, 6 నిట్, 2 పర్ల్, 6 నిట్, 2 పర్ల్, 2 నిట్.

మిగతా 22 కుట్లు అరచేతి వైపు, అన్నీ నిట్. రిబ్బింగ్‌నీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. వెనక వైపు నిట్ కుట్ల మీద నిట్, పర్ల్ మీద పర్ల్ అలాగే వస్తున్నాయి. ఒక్కో కేబుల్ మధ్యలో ఉన్న రెండు పర్ల్ కుట్లు మాత్రమే నిట్‌గా మారుతున్నాయి. అందుకే కేబుల్ రిబ్బింగ్‌లోంచే పెరిగినట్టు ఉంటుంది, మధ్యలో అతుకు కనిపించదు. పైన ముగించేటప్పుడు మళ్లీ అదే రిబ్బింగ్‌లోకి అంతే సాఫీగా దిగిపోతుంది.

ఈ గ్లవ్ మొత్తం ఆరు రౌండ్ల లెక్క మీద నడుస్తుంది. 1, 2 రౌండ్లు పైన చెప్పినట్టు మామూలుగా. 3వ రౌండ్‌లో మెలిక. 4, 5, 6 మళ్లీ మామూలుగా. తర్వాత మళ్లీ 1. బొటనవేలి కోసం కుట్లు పెంచడం కూడా ఈ ఆరులోనే, 1వ, 4వ రౌండ్లలో వచ్చేలా పెట్టాను. కుట్లు పెంచే రౌండూ మెలిక రౌండూ ఎప్పుడూ ఒకదాని మీద ఒకటి పడవు. మనసులో రెండు లెక్కలు పెట్టుకోనక్కర్లేదు.

మెలిక వేసే రౌండ్ నిదానంగా చూద్దాం. 2 నిట్, 2 పర్ల్ అల్లారు. ఇప్పుడు ముందున్నవి మొదటి కేబుల్ ఆరు కుట్లు. అందులో మొదటి మూడింటిని అల్లకుండా, పర్ల్ అల్లబోతున్నట్టు సూది దూర్చి కేబుల్ సూది మీదికి ఎక్కించండి. ఆ సూదిని పని వెనక్కి వదిలేయండి. ఎడమ సూది మీద ఉన్న తర్వాతి మూడు కుట్లని నిట్ చేయండి. మొదటి కుట్టు దగ్గర దారం కొంచెం గట్టిగా లాగాలి, లేకపోతే అక్కడ చిన్న కన్నం మిగిలిపోతుంది. ఇప్పుడు కేబుల్ సూదిని ముందుకి తెచ్చి, దాని మీది మూడు కుట్లని, ఎక్కించిన వరుసలోనే, నిట్ చేయండి. కేబుల్ కుడికి వాలింది. తర్వాత 2 పర్ల్. రెండో కేబుల్‌కీ ఇదే పని, ఒక్కటే తేడా: కేబుల్ సూదిని వెనక్కి కాకుండా పని ముందు వైపు ఉంచాలి. అప్పుడు ఎడమకి వాలుతుంది. మళ్లీ 2 పర్ల్, 2 నిట్, అరచేతి కుట్లన్నీ నిట్.

వెనక ఉంచితే కుడికి, ముందు ఉంచితే ఎడమకి. దీన్ని ఒక కాగితం మీద రాసి పని పక్కనే పెట్టుకోండి. మెలిక వేసిన వెంటనే కుట్లు బిగుసుకుని, ఆ తర్వాతి రౌండ్‌లో కదలనంటాయి. అది మామూలే. ఒక రౌండ్ గడిచాక సర్దుకుంటాయి.

మెలిక పడిన ప్రతి రౌండ్‌లో ఆ కేబుల్ మీది ఒక కుట్టుకి తెరిచి మూసే మార్కర్ తగిలించండి. తర్వాత ఎన్ని రౌండ్లయ్యాయో సందేహం వస్తే ఆ మార్కర్ పైన ఉన్న కుట్లని లెక్కపెడితే చాలు. రెండు మెలికల మధ్య అయిదు మామూలు రౌండ్లు ఉండాలి. నాలుగు వచ్చినా ఆరు వచ్చినా చూసేవాళ్లకి తేడా కనబడుతుంది.

ఇలా ఆరు రౌండ్లని రెండుసార్లు, అంటే మొత్తం 12 రౌండ్లు అల్లండి.

బొటనవేలి చీలిక

బొటనవేలి మొదట్లో చేయి వెడల్పవుతుంది కదా, దానికి తగ్గట్టు అక్కడ మెల్లగా కుట్లు పెంచుతూ ఒక త్రికోణం అల్లుతాం. కుడి చేతికి: వెనక వైపు 22 కుట్లు అల్లి, 1 నిట్ చేసి, మార్కర్ వేసి, ఒక కుట్టు పెంచి, ఇంకో మార్కర్ వేసి, మిగిలిన 21 కుట్లు నిట్. ఎడమ చేతికి: 22 కుట్లు అల్లి, 21 నిట్ చేసి, మార్కర్, ఒక కుట్టు పెంపు, మార్కర్, ఆఖరి 1 నిట్. 40, 48 కుట్ల సైజుల్లో అరచేతి కుట్ల సంఖ్య మాత్రం మారుతుంది. చీలిక అంచు నుంచి ఒక్క కుట్టు దూరంలోనే ఉండాలి.

పెంచడం ఎలాగంటే, రెండు కుట్ల మధ్య అడ్డంగా ఉండే దారాన్ని ఎడమ సూదితో ముందు నుంచి ఎత్తి, దాని వెనక పాయలోంచి నిట్ చేయాలి. అప్పుడు దారం మెలి తిరిగి కన్నం మూసుకుపోతుంది. దీని జంటకి దారాన్ని వెనక నుంచి ఎత్తి, ముందు పాయలోంచి నిట్ చేయాలి. ఈ రెండోది వేళ్లకి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, సూది మొనతో పాయని వదులు చేసుకుంటే దూరుతుంది.

ఆరు రౌండ్ల లెక్కలో 1వ రౌండ్‌న ఆ మొదటి కుట్టు వచ్చింది. 4వ రౌండ్‌లో మొదటి మార్కర్ దాటగానే ఒకటి, రెండో మార్కర్‌కి ముందు ఒకటి పెంచండి, ఈ రెండింటికీ పైన చెప్పిన రెండు పద్ధతుల్లో చెరొకటి వాడండి. మార్కర్ల మధ్య 3 కుట్లయ్యాయి. అలాగే ప్రతి 1వ, 4వ రౌండ్‌లో రెండేసి పెంచుతూ పోతే 5, 7, 9, 11, 13. పదమూడు వచ్చాక 2వ రౌండ్ మామూలుగా, 3వ రౌండ్ మెలికతో అల్లండి. ఈ చీలిక మొత్తం 21 రౌండ్లు, దాదాపు 7 సెం.మీ. ఇప్పుడు ఒకసారి చేతికి తొడిగి చూడండి. మార్కర్ల మధ్య కుట్లు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య సందుని తాకుతూ ఉండాలి. అందకపోతే కుట్లు పెంచకుండా ఇంకో రెండు మూడు రౌండ్లు అల్లుకోండి, మెలిక రౌండ్ లెక్క మాత్రం తప్పనివ్వకండి.

తర్వాతి రౌండ్‌లో మార్కర్ దగ్గరికి రాగానే ఆ 13 కుట్లని పెద్ద సూదితో వేరే దారం మీదికి ఎక్కించి వదిలేయండి. మార్కర్లు తీసేసి, చీలిక దాటి అవతలి కుట్టుని బిగించి అల్లి రౌండ్ కొనసాగించండి. కొత్తగా కుట్లు ఎక్కించే పనిలేదు, సూదుల మీద మళ్లీ సరిగ్గా 44 ఉంటాయి.

అరచేయి పూర్తి

జరుగుతున్న ఆరింటిలో మిగిలిన రౌండ్లు పూర్తిచేసి, ఇంకో ఆరు అల్లండి. ఒక్కో కేబుల్ మీద మొత్తం ఏడు మెలికలు రావాలి. రెండో గ్లవ్‌కి కూడా పొడవు కొలవడం కన్నా ఈ ఏడింటిని లెక్కపెట్టుకోవడమే నమ్మకమైన పద్ధతి.

3.5 మి.మీ. సూదులకి మారి 2 నిట్, 2 పర్ల్ రిబ్బింగ్ 6 రౌండ్లు అల్లి, నిట్ వచ్చిన చోట నిట్, పర్ల్ వచ్చిన చోట పర్ల్ చేస్తూనే కుట్లు మూసేయండి. మూసేటప్పుడు కుడి చేతిలోకి 4 మి.మీ. సూది తీసుకోండి. ఈ అంచు వేళ్ల కణుపుల మీద ఉంటుంది. బిగిస్తే పిడికిలి మూయడం కష్టమవుతుంది.

బొటనవేలు

ఆపి ఉంచిన 13 కుట్లని 3.5 మి.మీ. సూదుల మీదికి ఎక్కించి, కొత్త దారం కలపండి. అవన్నీ నిట్ చేసి, చీలిక సందులో అరచేతి అంచు నుంచి 3 కుట్లు ఎత్తండి, మొత్తం 16. ఈ సందు దగ్గర రెండు మూలల్లో కన్నాలు పడడం ప్రతి గ్లవ్‌కీ ఉండే సమస్యే. మూలలో వదులుగా వేలాడే దారాన్ని ఎత్తకండి, దాని పక్కన గట్టిగా ఉన్న కుట్టు పాయనే పట్టుకోండి. తర్వాతి రౌండ్‌లో మూలల్లో ఉన్న కుట్లని వెనక పాయలోంచి అల్లితే ఇంకొంచెం బిగుస్తాయి. అప్పటికీ మిగిలితే, దారం కొనతో లోపలి నుంచి ఒక చుట్టు కుట్టి లాగేయొచ్చు, అందుకోసమే దారం కలిపేటప్పుడు 20 సెం.మీ. కొన వదిలిపెట్టండి.

ఒక రౌండ్ నిట్, ఆపైన 2 నిట్, 2 పర్ల్ రిబ్బింగ్ 6 రౌండ్లు, వదులుగా మూసేయడం. అంతే. బొటనవేలి కణుపు దాకా కప్పాలనుకుంటే ఇంకో నాలుగు రౌండ్లు.

మెలిక తప్పు వైపు పడితే

ఏడెనిమిది రౌండ్లు అల్లాక, కింద ఒక మెలిక తప్పు వైపు వాలిందని కనిపించిందనుకోండి. పనంతా విప్పనవసరం లేదు. ఆ కేబుల్ దాకా అల్లుకుంటూ వచ్చి, దాని ఆరు కుట్లని మాత్రమే సూది మీంచి జారవిడవండి. ఒక్కో రౌండ్ మెల్లగా విప్పుతూ తప్పు మెలిక కింది రౌండ్ దాకా దిగి, అక్కడి ఆరు పాయల్ని పొట్టి సూది మీద పట్టుకోండి. పైన అడ్డంగా దారాలు నిచ్చెన మెట్లలా మిగులుతాయి. అన్నిటికన్నా కిందది మొదటి రౌండ్‌ది. దానితో, కుట్లని సరైన వైపు దాటించి, ఆరు కుట్లు అల్లండి. తర్వాత దాని పై దారంతో తర్వాతి రౌండ్, ఇలా పైదాకా. మెలిక పడిన చోట దారం చిన్నగా, బిగుతుగా ఉంటుంది, అది సహజమే. రౌండ్లు పైకి పోయే కొద్దీ కుట్లు ఎగుడుదిగుడుగా కనిపిస్తే సూది మొనతో పక్కకుట్టులోంచి కొంచెం దారం అరువు తెచ్చి సర్దండి, మిగతాది తడిపినప్పుడు సర్దుకుంటుంది. పక్క రెండు పర్ల్ కుట్లు మాత్రం సూది మీద భద్రంగా ఉండాలి, అవి జారితే పని పెరుగుతుంది.

చివర్లు, తడపడం

దారం చివర్లని లోపలి వైపు నుంచి, కేబుల్ పక్కనున్న పర్ల్ కుట్ల వెంట నిలువుగా దోపండి. అక్కడ అల్లిక మందంగా ఉండి చివర్లు బయటికి కనపడవు. మణికట్టు దగ్గర మొదటి ఖాళీని కూడా ఆ కొనతోనే కుట్టేయండి.

గొర్రె ఉన్ని అయితే గోరువెచ్చటి నీళ్లలో, ఉన్నికి వాడే సబ్బు కొంచెం వేసి 15 నిమిషాలు నానబెట్టండి. పిండకండి. టవల్‌లో చుట్టి నొక్కి నీళ్లు తీసి, చదునుగా పరిచి, కేబుల్స్ ఉబ్బెత్తుగా నిలిచేలా పక్కనున్న పర్ల్ గాడిని వేళ్లతో కొంచెం లోపలికి నొక్కండి. రిబ్బింగ్‌ని సాగదీయకుండా ముడుచుకున్నట్టే ఆరనివ్వండి. మెషీన్లో ఉతకదగ్గ సూపర్‌వాష్ ఉన్ని తడిస్తే చాలా సాగుతుంది. ఎత్తేటప్పుడు రెండు చేతులతో పట్టుకోండి. అక్రిలిక్‌కి ఇస్త్రీ గానీ వేడి ఆవిరి గానీ దగ్గరికి రానివ్వకండి, ఒకసారి వేడి తగిలితే కేబుల్ చదునైపోయి మళ్లీ లేవదు. రెండు గ్లవ్స్‌నీ ఒకేసారి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొలత సరిచూసి పరిస్తే జత సమానంగా ఆరుతుంది.